డ్రిల్లు మాస్టారూ, తొక్కని సైకిలూ

ఘంటసాల చరిత్ర రాయబోయిన పండితులందరూ బౌద్ధస్తూపం దగ్గర మొదలుపెట్టి, ఓడల వ్యాపారం మీదుగా కొంత దూరం వచ్చి, ఎక్కడో రాజుల వరసలు తేలక అలిసిపోయి ఆగిపోయారు. అందువల్ల మన కళ్లముందే ఈ ఊళ్లో జరిగిన ఒక మహాపరిణామం ఏ గ్రంథంలోకీ ఎక్కలేదు. రాజారత్నం మాస్టారు సైకిలు తొక్కడం మానేసి, దాన్ని పక్కన పెట్టుకుని నడిపించుకుంటూ తిరగడం మొదలుపెట్టడమే ఆ పరిణామం.

ఇది ఎప్పుడు మొదలైందనే విషయంలో ఊరు రెండుగా చీలి ఉంది. తుఫాను వెళ్లిన మర్నాడు రోడ్డు నిండా కొమ్మలు పడి ఉంటే దిగి నడిపించారనీ, తర్వాత మళ్లీ ఎక్కడం మర్చిపోయారనీ పాలకేంద్రం వర్గం చెబుతుంది. కాదు, ఈస్టరు తెల్లవారుజాము ఆరాధనకి కొత్త తెల్ల ప్యాంటు వేసుకుని బయల్దేరి, చైను మసి అంటుతుందని దిగిపోయారని చర్చి వర్గం వాదన. శాసనాధారం రెంటికీ లేదు. నిర్వివాదంగా తేలిందొక్కటే. అప్పట్నుంచి మాస్టారు సైకిలు లేకుండా గేటు దాటలేదు, సైకిలు ఎక్కనూ లేదు.

ఊరన్నాక అడిగేవాళ్లుంటారు.

"ఏం మాస్టారూ, టైర్లో గాలి లేదా?"

"నిండా ఉంది. ఈ ఎండకి తొక్కితే పేలుతుందని."

వర్షాకాలంలో బురద చిమ్ముతుందనేవారు. చలికాలంలో మంచుకి బ్రేకులు పట్టవనేవారు. ఏ కాలానికీ చెందని రోజుల్లో డాక్టరు నడవమన్నాడనేవారు.

"నడవమంటే మరి సైకిలెందుకండీ?"

"తిరిగొచ్చేటప్పుడు తొక్కుదామని."

తిరిగొచ్చేటప్పుడూ నడిచే వచ్చేవారు. అప్పుడు అడగడానికి రోడ్డు మీద వేరేవాళ్లుండేవారు.

అసలు సంగతి మాస్టారి మోకాళ్లకి తెలుసు, ఆయన భార్య సంతోషమ్మ గారికి తెలుసు. రెండు చేతులూ హ్యాండిలు మీద ఆనించి, బరువంతా ముందుకి తోసి అడుగు వేస్తే, మోకాళ్లు సణుగుతూనే వెంట వస్తాయి. హ్యాండిలు వదిలితే రావు. ఆ సైకిలు వాహనంగా పదవీ విరమణ చేసి, చేతికర్రగా కొత్త ఉద్యోగంలో చేరింది. అయితే నియామకపు ఉత్తర్వు రహస్యంగా ఉంచారు.

"ఒక కర్ర కొనుక్కోకూడదుటండీ?" అని సంతోషమ్మ గారు ఒకే ఒకసారి అన్నారు.

"కర్ర పట్టుకునేది ముసలాళ్లు," అన్నారు మాస్టారు.

ఆవిడ ఆయన వంక కాసేపు చూసి, కూర మాడుతోందని లోపలికి వెళ్లిపోయారు.

మాస్టారి పట్టుదల వెనక పెద్ద చరిత్రే ఉంది. రాజారత్నం గారు పుట్టింది పెదపారుపూడి దగ్గర ఒక పల్లెలో. తండ్రి వరికోతలకి వెళ్లేవాడు, ఆదివారం ప్రార్థనలో పాట ఎత్తుకునేవాడు. కొడుకుని మిషను హాస్టల్లో వేశాడు. ఆ హాస్టలు వార్డెను గారికి వంగి కూర్చున్న పిల్లల వీపు మీద స్కేలు పెట్టి చూసే అలవాటుండేది. ఈ కుర్రాడి వీపు మీద పెట్టి చూసి, స్కేలే వంకరగా ఉందేమోనని అనుమానపడ్డారట. ఆ వీపుతోనే ఆయన డ్రిల్లు మాస్టారై, ఘంటసాల వచ్చి, ఈ ప్రాంతపు పిల్లలందరినీ నిటారుగా నిలబెట్టడానికి తన జీవితాన్ని ధారపోశారు. ఎందుకు నిలబడాలో కూడా చెప్పేవారు. "వంగితే చొక్కా వెనకాల పైకి లేస్తుందిరా. చూసేవాళ్లకి బాగోదు." అందుకే ఇవాళ్టికీ చల్లపల్లి బస్టాండులో ఆయన ఎదురుపడితే, మనవళ్లున్నవాళ్లు కూడా టీ గ్లాసు కింద పెట్టి మడమలు దగ్గరికి చేర్చుకుంటారు. అలాంటి మనిషి కర్ర పట్టుకుని వంగి నడిస్తే, ఇన్నేళ్లు చెప్పిన పాఠం మాటేమిటి?

సైకిలుతో కాలక్షేపం బాగానే సాగిపోయేది, అభివృద్ధి అడ్డు రాకపోతే.

ఊళ్లో పెద్దవాళ్ల కోసం ఒక పగటి విడిది ఉంది. గది ప్రభుత్వానిది, టీ, ఉప్మా దాతలవి, పేపరు సచివాలయానిది, అభిప్రాయాలు ఎవరివి వాళ్లవి. వారానికోసారి నర్సమ్మ వచ్చి బీపీ చూసి వెళ్తుంది. మాస్టారు రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్లి, ఆసామి కోటేశ్వరరావు గారితో కేరమ్ ఆడి, మధ్యాహ్నానికి తగాదాతో ఇంటికొచ్చేవారు. రావుగారికి చేలూ చేపల చెరువులూ ఉన్నాయి, వినికిడి మాత్రం లేదు. అందువల్ల తగాదా ఎప్పుడూ సమానంగానే ముగిసేది.

ఆ పాత గది ఇరుకు. మాస్టారికి అదే స్వర్గం. సైకిలు కిటికీకి ఆనించి ఊచ పట్టుకునేవారు. ఊచ వదిలితే తలుపు అందేది, తలుపు వదిలితే బీరువా, బీరువా వదిలితే కేరమ్ బల్ల. ఈ మార్గంలో ప్రయాణిస్తున్నంతసేపూ ఆయన తలుపు బందులు పరీక్షిస్తున్నట్టో, బీరువా మీద దుమ్ము చూస్తున్నట్టో ఉండేవారు. అందరూ ఆయన శుభ్రతకి మెచ్చుకునేవారు.

అంతలో ప్రభుత్వం వారు, దాతలు కలిసి పెద్దవాళ్ల సౌకర్యార్థం కొత్త హాలు కట్టించారు. విశాలమైన హాలు. నేలంతా అద్దంలాంటి టైల్సు. గోడలు ఎక్కడో దిగంతాల్లో ఉంటాయి. సరిగ్గా నడిమధ్యన, సముద్రంలో లంకలాగా, కేరమ్ బల్ల.

ప్రారంభోత్సవం రోజున మాస్టారు గుమ్మంలో నిలబడి ఆ హాలుని చూశారు. పట్టుకోవడానికి గాలి తప్ప ఏమీ లేదు. "బాగుంది. మంచి వెలుతురు," అని, సైకిలు వెనక్కి తిప్పి ఇంటికొచ్చేశారు. మళ్లీ వెళ్లలేదు.

టైల్సు చల్లదనం పడదన్నారు. పేపరు ఇంట్లోనే చదువుకోవచ్చన్నారు. ఇంట్లో పేపరు రాదు. పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని వరండాలో కూర్చుని, మధ్యాహ్నం విప్పేసేవారు. మనిషి కొంచెం కొంచెంగా మాట తగ్గించేశారు. సంతోషమ్మ గారికి కేరమ్ ఆడడం రాదు, తగాదా పెట్టుకుంటే ఓడిపోవడం రాదు. కాబట్టి ఆవిడ వల్ల అయ్యే పని కాదది.

కోటేశ్వరరావు గారే ఒకరోజు వచ్చి వరండాలో కూలబడ్డారు.

"ఏం మాస్టారూ, ఆఖరాటలో రెడ్డు నేను కొట్టేశానని అలిగారా?"

"మీరు కొట్టలేదు. బల్ల ఒరిగి పడింది."

"ఆఁ?"

"బల్ల ఒరిగిందంటున్నా."

"నిజమే, అందరూ అదే అడుగుతున్నారు, ఎప్పుడొస్తారని," అన్నారు రావుగారు. మాస్టారు మధ్యాహ్నం కాకుండానే తెల్లచొక్కా గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టారు.

సంతోషమ్మ గారు మర్నాడే సచివాలయానికి వెళ్లి, వెల్ఫేర్ అసిస్టెంటు ఝాన్సీని పట్టుకున్నారు. చల్లపల్లిలో త్వరలో శిబిరం పెడుతున్నారనీ, పెద్దవాళ్లని పరీక్షించి, అవసరాన్ని బట్టి చేతికర్రలు, వాకర్లు, చెవి మిషన్లు, పళ్ల సెట్లు ఉచితంగా ఇస్తారనీ ఝాన్సీ చెప్పింది.

"మాస్టారు వస్తారా మామ్మగారూ?"

"కర్ర కోసమంటే రారు. మీవాళ్లని అదుపులో పెట్టే మనిషి లేడని చెప్పి చూడు."

ఝాన్సీ తెలివైన పిల్ల. ఇంటికొచ్చి, "తాతగారూ, మన ఊరి బ్యాచ్‌ని వరసలో నడిపించే పెద్దమనిషి కావాలండి. లేకపోతే తోసుకుంటారు," అంది. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, విజిలు ఎక్కడుందో వెతకమన్నారు.

శిబిరం రోజున ఘంటసాల పెద్దలు సత్తిబాబు ఆటోలోనూ, దాని వెనక మరో ఆటోలోనూ బయల్దేరారు. ఝాన్సీ వాళ్లని చూసి, ఇది శిబిరమా పెళ్లా అని చేతిలో కాగితం మరోసారి చూసుకుంది. రావుగారు గంజి పెట్టిన పంచె కట్టి, చేతికి ఉంగరాలు పెట్టి, కొత్త పెళ్లికొడుకు తండ్రిలా ఉన్నారు. చెరువు కాపలా మానేసిన జకరయ్య జుట్టుకి రంగు వేయించుకున్నాడు. ఆడవాళ్లవి పెట్టెల్లోంచి తీసిన పట్టుచీరలు. ఈ దేశంలో అధికారి ముందుకు వెళ్లడమంటే అంతే మరి. ఉన్నదంతా ఒంటిమీద ఉండాలి, లేనిది ఉన్నట్టు కనిపించాలి. "ఎలా ఉన్నారు?" అని పరాయివాళ్లు అడిగితే, "బ్రహ్మాండంగా ఉన్నామండి" అనడమే ఇక్కడి మర్యాద. ఆ మర్యాదకి అనారోగ్య పరీక్షలో మినహాయింపు ఉంటుందని వాళ్లకెవరూ చెప్పలేదు.

మాస్టారు సైకిలు తేలేదు. ఆటో దిగిన దగ్గర్నుంచి సత్తిబాబు భుజం మీద చెయ్యి వేసి, అతనికి జీవితంలో క్రమశిక్షణ ఎంత అవసరమో చెబుతూ నడిచారు. సత్తిబాబుకి యాభై ఏళ్లు, షుగరు కూడా ఉంది. "అలాగేనండి, అలాగేనండి" అంటూ మాస్టారి బరువంతా మోసుకుంటూ షామియానా దాకా తీసుకెళ్లి కుర్చీలో దింపాడు.

నడక పరీక్షించే అమ్మాయి పేరు హిమబిందు, ఫిజియోథెరపిస్టు. గుడివాడ నుంచి పొద్దున్నే వచ్చింది. పేరు పిలిచి, "మాస్టారూ, అక్కణ్ణుంచి ఈ బల్ల దాకా మామూలుగా నడవండి," అంది.

మాస్టారు లేచారు. సరిగ్గా అప్పుడే శిబిరం పనివాళ్లలో ఎవరో, "మా డ్రిల్లు మాస్టారండీ," అన్నారు. కుర్చీలు మోస్తున్నవాళ్లు, మంచినీళ్లు పంచుతున్నవాళ్లు, మైకు బిగిస్తున్నవాళ్లు, ఎక్కడివాళ్లక్కడ మడమలు చేర్చి నిలబడిపోయారు. మాస్టారికి ఎదురుగా ఒక స్కూలు గ్రౌండు కనిపించింది.

ఛాతీ ముందుకొచ్చింది. గడ్డం పైకి లేచింది. చేతులు భుజాల ఎత్తుకి ఊగుతుండగా, లెఫ్ట్, రైట్, లెఫ్ట్, రైట్, రాజారత్నం మాస్టారు బల్ల దాకా కవాతు చేసి, కాలు నేలకి కొట్టి ఆగి, అబౌట్ టర్న్ తిరిగి, కుర్చీ దాకా వెళ్లి, కూర్చున్నారు. జనం చప్పట్లు కొట్టారు. మోకాళ్లలో ఆ క్షణాన ఏం జరుగుతోందో ఆయన ముఖం చూసి ఎవరూ చెప్పలేరు, సంతోషమ్మ గారు తప్ప. ఆవిడ తల పక్కకి తిప్పుకున్నారు.

"ఈ వయసులో ఇంత బాగా నడిచినవాళ్లని నేను చూడలేదండి," అని హిమబిందు మనస్ఫూర్తిగా మెచ్చుకుని, ఉపకరణం అవసరం లేదని రాసేసింది.

ఇక మిగతావాళ్లు ఊరుకుంటారా? ఊరి పరువు పైకి లేచాక దాన్ని కింద పడేసే ద్రోహి ఎవరు? రావుగారి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినిపిస్తే చెయ్యెత్తమన్నారు. ఆయన మీట నొక్కే అమ్మాయి వేలినే గమనించి, వేలు కదిలినప్పుడల్లా చెయ్యెత్తి పూర్తి మార్కులు తెచ్చుకున్నారు. పళ్లు లేని జకరయ్యని నమలడం కష్టంగా ఉందా అని అడిగితే, జేబులోంచి జంతిక తీసి, డాక్టరు ఎదుటే చిగుళ్లతో సాధించాడు. కళ్లనీళ్లు తిరిగినా ఆపలేదు. పట్టుచీరల్లో ఉన్నవాళ్లు చేతులు వదిలేసి మెట్లెక్కి చూపించారు. మధ్యాహ్న భోజనాల వేళకి ఘంటసాల వృద్ధులంతా సంపూర్ణ ఆరోగ్యవంతులని ప్రభుత్వ రికార్డుల్లోకెక్కింది.

ఝాన్సీ తలపట్టుకుని కూర్చుంది. "మామ్మగారూ, ఇళ్ల చుట్టూ తిరిగి, బతిమాలి తీసుకొచ్చానండి వీళ్లని."

"నువ్వేం చేస్తావమ్మా. ఏనుగులకి కర్రలిస్తామంటే పుచ్చుకుంటాయా," అన్నారు సంతోషమ్మ గారు.

భోజనాలయ్యాయి. అందరూ ఆటోల వైపు కదిలారు. మాస్టారు కదల్లేదు. కాస్త గాలి పీల్చుకుని వస్తానన్నారు. సత్తిబాబు ఆటో తిప్పడానికి వెళ్లాడు. షామియానాకీ గేటుకీ మధ్య ఖాళీ మైదానం. గోడ లేదు, ఊచ లేదు, భుజం లేదు.

మాస్టారు ఎవరూ చూడడం లేదని నిర్ధారించుకుని, ముందున్న ప్లాస్టిక్ కుర్చీ వీపు పట్టుకుని లేచారు. దాన్ని కొంచెం ముందుకి తోశారు. ఒక అడుగు వేశారు. మళ్లీ తోశారు. మళ్లీ ఒక అడుగు. చూసేవాళ్లకి ఆయన కుర్చీలు సర్దుతున్నట్టుండాలని ఆయన ఆశ. షామియానా అంచు దాటి, ఎండలోకి, గేటు వైపు ఒక్క కుర్చీని ఎందుకు సర్దుతారన్నది ఆ ఆశ ముందు నిలిచే ప్రశ్న కాదు.

హిమబిందు బల్ల మీద కాగితాలు సర్దుకుంటూ తలెత్తి చూసింది. కాగితాలు వదిలేసి, నడుచుకుంటూ వచ్చి, ఆయన పక్కన నిలబడింది.

మాస్టారు ఆగారు. గేటు దగ్గర కోటేశ్వరరావు గారు ఆటోలోంచి మెడ బయటికి పెట్టి చూస్తున్నారు. ఇప్పుడు ఈ అమ్మాయితో ఏదో ఒకటి చెప్పెయ్యవచ్చు. ఎండకి కళ్లు తిరిగాయనో, కాలికి తిమ్మిరెక్కిందనో. ఆయన దగ్గర అన్ని కాలాలకీ సరిపడా జవాబులున్నాయి. చెప్పి ఇంటికెళ్తే, రేపు పొద్దున మళ్లీ తెల్లచొక్కా, మళ్లీ వరండా.

"అమ్మాయ్," అన్నారు మాస్టారు, "ఇందాక నేను చేసింది డ్రిల్లు. నడక కాదు."

"అవునాండీ?"

"ఇదీ నా నడక." కుర్చీ తోసి ఒక అడుగు వేసి చూపించారు. "పరీక్ష మళ్లీ పెట్టగలవా? మొదటిది కాపీ కొట్టినట్టు లెక్క."

హిమబిందు నవ్వు ఆపుకుంది. "పెడతానండి. మీవాళ్లందరిదీ అంతేనా?"

మాస్టారు గేటు వైపు చూశారు. జేబులోంచి విజిలు తీసి ఊదారు. ఘంటసాల బ్యాచి మొత్తం ఆటోల్లోంచి దిగి, అలవాటు కొద్దీ వరసలో నిలబడింది. రావుగారు పక్కవాళ్లని చూసి నిలబడ్డారు.

"అందరూ వినండి. పొద్దుట్నుంచి మనం అటెన్షన్‌లో ఉన్నాం," అన్నారు మాస్టారు కుర్చీ పట్టుకునే. "ఇప్పుడు స్టాండ్ ఎట్ ఈజ్. ఎవరికి ఏం నొప్పో అదే చెప్పండి. జకరయ్యా, ఆ జంతిక పారెయ్."

"పారెయ్యడానికి లేదు అన్నయ్యా, మింగేశాను," అన్నాడు జకరయ్య. "అప్పట్నుంచీ గొంతులోనే ఉంది."

ఆ మధ్యాహ్నం చల్లపల్లిలో జరిగింది చూసి తీరాల్సిన దృశ్యం. ఒక్క విజిలుతో ఊరంతటికీ వయసు వచ్చేసింది. నడుములు వంగాయి, మూలుగులు బయటికొచ్చాయి, పట్టుచీర కుచ్చిళ్లు పైకెత్తి వాచిన మోకాళ్లు చూపించారు. కోటేశ్వరరావు గారిని కళ్లు మూసుకోమని పరీక్షిస్తే ఒక్కసారీ చెయ్యి లేవలేదు. హిమబిందు మాస్టారిని బల్ల పట్టుకుని నడవమని, వదిలి నడవమని, మోకాళ్లు వంచి చూసి, చేతికర్ర చాలదు, నాలుగు కాళ్ల వాకర్ కావాలని రాసింది.

"నాలుగు కాళ్లా?" అన్నారు మాస్టారు కొంచెం నొచ్చుకుని.

"అది పట్టుకుంటే వంగక్కర్లేదండి," అంది హిమబిందు. "మీ ఎత్తుకి సరిపోయేలా పెడతాను. నిటారుగానే నడవచ్చు."

మాస్టారు సంతోషమ్మ గారి వంక చూశారు. "ఆ సంగతి ముందే చెప్పొచ్చుగా," అన్నారు, ఆవిడే దాచినట్టు.

"చొక్కా వెనకాల లేవదుట. ఇంకేం," అన్నారావిడ.

వాకర్లు రావడానికి కొన్ని నెలలు పట్టింది. ప్రభుత్వం వారికి తొందర లేదు, వృద్ధులకి అలవాటే. వచ్చిన మర్నాడు మాస్టారు తెల్ల ప్యాంటు ఇస్త్రీ చేయించి, కాన్వాసు బూట్లకి తెల్లసుద్ద పట్టించి బయల్దేరారు. ఇంటి నుంచి హాలు దాకా దారి పొడవునా జనం నిలబడ్డారు. పాలకేంద్రం వర్గం, చర్చి వర్గం విభేదాలు మరిచి ఒక్కటయ్యాయి. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఆయన నిజమే సిద్ధం చేసుకుని వచ్చారు గానీ, అది ఎవరికీ అక్కర్లేకపోయింది. సంతోషమ్మ గారు పక్కనే నడవకుండా కొంచెం వెనకగా, వేరే పనిమీద వెళ్తున్నదానిలా వచ్చారు.

హాలు గుమ్మంలో మాస్టారు ఆగి ఊపిరి పీల్చుకున్నారు. లోపల ఝాన్సీ, జకరయ్య, బీపీ నర్సమ్మ, పేపరు చదివే నలుగురూ లేచి నిలబడ్డారు. టైల్సు మీద వాకర్ రబ్బరు కాళ్లు ఆనాయి. ఒక అడుగు, ఇంకో అడుగు. దిగంతాల గోడలు అలాగే దూరంగా ఉన్నాయి, వాటితో ఇప్పుడు పని లేదు. నిటారుగా, చొక్కా ఎక్కడా లేవకుండా, రాజారత్నం మాస్టారు హాలు నడిమధ్యకి చేరి, కోటేశ్వరరావు గారి ఎదురు కుర్చీలో కూర్చున్నారు. రావుగారు చెవి మిషను సర్దుకున్నారు. చేతులు రెండూ బల్ల మీద పెట్టి, మాస్టారు చాలా కాలంగా దాచుకున్న గొంతుతో అన్నారు:

"కానివ్వండి, కాయిన్స్ పేర్చండి."

"పేర్చి ఏం లాభం మాస్టారూ," అన్నారు రావుగారు. "పౌడరు అయిపోయింది."